రోడ్లన్నీ కుక్కలవే అయినప్పుడు

పిల్లలూ,

మీలో అందరికంటే చిన్నవాడు మొన్న ఫోన్‌లో ఒక ప్రశ్న వేశాడు. "కరోనా అప్పుడు అందరూ ఇళ్లలోనే ఉన్నారట కదా తాతయ్యా, మరి రోడ్లన్నీ కుక్కలవే! వాటికి భలే సరదాగా ఉండి ఉంటుంది కదా?" రెండు ముక్కల్లో చెప్పేసే సంగతి కాదని, అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కార్లు తిరగకపోవడం వాటికి మంచిదే. కానీ తిండి కూడా లేకుండా పోయింది. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించింది. కొద్ది వారాల్లోనే ఎన్నో దేశాలు తలుపులు మూసుకున్నాయి. హోటళ్లు, బడులు, మార్కెట్లు, పెళ్లిళ్లు అన్నీ ఆగాయి. వీధి జంతువు కడుపు నిండేది అక్కడ మిగిలినవాటితోనే.

"మరి వేటాడుకోవచ్చుగా?" అంటారేమో. ఒకసారి పందిరి మీది పాదును చూడండి. విత్తనం మొలవగానే పక్కన పుల్ల గుచ్చుతాం, పైన పందిరి వేస్తాం. తీగ దాన్ని పట్టుకుని పాకుతుంది. చెట్టులాగా గట్టి మాను కట్టుకోదు, ఆ అవసరమే రాలేదు. ఉన్న సత్తువంతా ఆకులకీ పూతకీ పెట్టేస్తుంది. ఒక రాత్రి మనం వెళ్లి పందిరి పీకేశామనుకోండి. పొద్దున్నే "ఇక నువ్వే నిలబడు" అంటే నిలబడుతుందా? కుక్క మనిషి పందిరి ఎక్కి తక్కువలో తక్కువ 15,000 ఏళ్లు. పిల్లులూ పావురాలూ కూడా ఎక్కాయి. థాయ్‌లాండ్‌లోని లోప్‌బురిలో కోతులు టూరిస్టులు పెట్టేదానికి అలవాటుపడ్డాయి. ఆ మార్చిలో టూరిస్టులు తగ్గిపోయేసరికి వందల కోతులు నడిరోడ్డు మీద తిండి కోసం కొట్టుకున్నాయి. జపాన్‌లోని నారాలో, చేత్తో బిస్కెట్లు అందించేవాళ్లు రాక, పార్కులోని జింకలు వీధుల్లోకి వచ్చి వెతుక్కున్నాయి. పందిరి ఎక్కడ పీకినా తీగ అలాగే పడుతుంది.

నా చిన్నప్పుడు మా బడి దగ్గర ఒక గోధుమరంగు కుక్క ఉండేది. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి గేటు దగ్గర హాజరు. తలా ఒక ముద్ద వేసేవాళ్లం. ఎండాకాలం సెలవుల్లో ఓ మధ్యాహ్నం అటువైపు వెళ్తే బెల్లూ లేదు, పిల్లలూ లేరు, అది మాత్రం గేటు ముందు కూర్చుని ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, మర్నాటి నుంచి నా కంచంలో ఒక ముద్ద ఎక్కువ పెట్టింది. బడి తెరిచేదాకా ఆ ముద్ద పట్టుకుని పరిగెత్తేవాణ్ణి. బెల్లు లేకుండా దానికి వేళ ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కరోనా రోజుల్లో ఆకలికి తోడు భయం కూడా ఈ జీవుల మీద పడింది. జబ్బు తెస్తాయేమోనని ఇంట్లో పెంచుకున్నవాటినే కొందరు వీధిలో వదిలేశారు. నిజానికి అది ముఖ్యంగా మనుషుల మధ్య, ఊపిరి వల్ల పాకిన జబ్బు. 2020 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఒక ఆడపులికి కొవిడ్ ఉన్నట్టు తేలింది. దానికి మనిషి నుంచే అంటి ఉంటుందన్నారు! 1665లో లండన్‌లో ప్లేగు వచ్చినప్పుడైతే కుక్కల్నీ పిల్లుల్నీ చంపమని ఆజ్ఞలు వేశారు. ప్లేగు క్రిమిని ఎలుకల ఒంటిమీది చిన్న పురుగులు మోస్తాయని అప్పటికి ఎవరికీ తెలియదు. ఎలుకల్ని పట్టే పిల్లినే చంపుకున్నారు. భయం వేసినప్పుడు ముందు తెలిసినవాళ్లని అడగాలర్రా, కర్ర తీయకూడదు.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. పిల్లలు పుట్టకుండా వీధి కుక్కలకు చేసే ఆపరేషన్లు, రేబిస్ టీకాలు చాలా చోట్ల ఆగిపోయాయి. కుక్క కడుపుతో ఉంటే రెండు నెలల్లోనే ఈనుతుంది. రేబిస్ పాకకుండా ఉండాలంటే నూటికి 70 కుక్కలకైనా టీకా పడాలి. కడుపు మాడి కొట్లాడుకునే గుంపులో టీకా పడని కుక్కలు పెరిగితే ముప్పు మనకే. అందుకే వాటికి ఇంత పెట్టి, టీకా వేయించడం మనల్ని మనం కాపాడుకోవడం కూడా.

అలాంటి రోజులు మళ్లీ వస్తే ఏం చేయాలో చెబుతాను. మొదట నీళ్లు. తిండి లేకపోయినా కొన్నాళ్లు ఓర్చుకుంటాయి గానీ నీళ్లు లేకపోతే ఆగలేవు. వెడల్పాటి గిన్నెలో పోసి నీడన పెట్టండి, రోజూ కడగండి. తిండి పెడితే పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లి, రోడ్డుకు దూరంగా, రోజూ ఒకే చోట, ఒకే వేళకు పెట్టండి. కొట్లాడుకోకుండా విడివిడిగా పెట్టాలి. చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష కుక్కలకు విషం లాంటివి. తినేటప్పుడు ముట్టుకోవద్దు, పిల్లలున్న తల్లి దగ్గరికి అసలు పోవద్దు. కరిస్తే, గీరినా సరే, దాచుకోకుండా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే పెద్దవాళ్లతో ఆస్పత్రికి వెళ్లి ఇంజెక్షన్ వేయించుకోవాలి.

రోజులు బాగుపడ్డాక కూడా తిండి ఒక్కసారిగా మానేయకండి. మీరు వేసింది కూడా పందిరే కదా. హోటళ్లూ మార్కెట్లూ తెరిచేకొద్దీ మెల్లమెల్లగా తగ్గించండి.

రేపు సాయంత్రం అమ్మనో నాన్ననో తోడు తీసుకుని గేటు దగ్గర కాసేపు నిలబడండి. మీ వీధిలో ఏ కుక్క ఎటు నుంచి వస్తుందో, ఏ గడప ముందు ఆగుతుందో, ఎవర్ని చూస్తే తోక ఊపుతుందో గమనించి నాకు రాయండి.

మీ తాతయ్య