కీబోర్డు ఎవరి చేతిలో ఉంది? సర్వర్ పని, ఆడవాళ్లు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో సర్వర్ సపోర్ట్ టీమ్ చూసుకుంటాను. సర్వర్లంటే వెబ్‌సైట్లు, యాప్‌లు నడిపించే కంప్యూటర్లు. ఫ్రెషర్లలో నెల్లూరు, తిరుపతి వైపు పిల్లలు చాలామందే ఉంటారు. టీ బ్రేకుల్లో నేను తరచూ వినే మాటలు, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: అమ్మాయిలకు టెస్టింగ్, డాక్యుమెంటేషన్ సరిపోతాయి. సర్వర్లు వాళ్ల వల్ల కాదు.

వాస్తవం: కాలేజీ ల్యాబ్‌లో ఏం జరిగిందో అడగండి. ఒక్కో సిస్టమ్‌కి ముగ్గురు. కమాండ్లు కొట్టేది అబ్బాయి, రికార్డు రాసేది అమ్మాయి. ఆమె రైటింగ్ బాగుంటుందట! ఇంట్లో ల్యాప్‌టాప్ కొన్నా ముందు అన్నయ్యకే. ఆ పిల్ల ఉద్యోగంలో చేరి టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే స్క్రీన్) ముందు తడబడితే తెలివి లేదనేస్తాం. అలవాటు ఎక్కడ పడనిచ్చాం? ఆఫీసులోనూ మీటింగ్ నోట్స్ ఆమెకి, ప్రొడక్షన్ యాక్సెస్, అంటే కస్టమర్లు వాడుతున్న అసలు సర్వర్లలోకి వెళ్లే అనుమతి, అతనికి. అర్ధరాత్రి పడిపోయిన సర్వర్‌ని లేపినవాళ్లే పని నేర్చుకుంటారు, అప్రైజల్‌లో పేరూ వాళ్లదే. "పాపం, రాత్రిపూట ఎందుకులే" అని అడక్కుండానే ఆమె పేరు తీసేస్తే ఆ రాత్రులన్నీ పోయినట్టే. మా ఆన్‌కాల్ రోస్టర్‌లో (సమస్య వస్తే ఏ రాత్రి ఎవరిని పిలవాలో రాసిన పట్టికలో) అందరి పేర్లూ ఉంటాయి, వద్దని అడిగినవాళ్లకే మినహాయింపు. క్యాబ్ ఏర్పాటు కంపెనీ చూసుకోవాలి. ఇంకొకటి, కొత్తవాళ్లు టైప్ చేస్తుంటే సీనియర్ పక్కన కూర్చుని చెప్పాలి, మౌస్ లాక్కోకూడదు. అన్నిటికన్నా కష్టం ఇదే, మనవాళ్ల చేతులు ఊరుకోవు.

అపోహ: ఇది మొదట్నించీ మగవాళ్ల రంగం.

వాస్తవం: 1946లో అమెరికాలో లోకానికి చూపించిన తొలితరం కంప్యూటర్ ఎనియాక్‌కి ప్రోగ్రామింగ్ చేసింది ఆరుగురు ఆడవాళ్లు. అంత దూరం ఎందుకు, ఇక్కడే చెన్నై గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో మన తెలుగావిడ అయ్యలసోమయాజుల లలిత 1940లలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. అప్పటికే భర్త పోయారు, చిన్నపాప ఉంది. అక్కడే ప్రొఫెసర్‌గా ఉన్న తండ్రి పప్పు సుబ్బారావు గారు పట్టుబట్టి చేర్పించారు. తర్వాత ఆమె భాక్రా నంగల్ డ్యామ్ ప్రాజెక్టుకూ పనిచేశారు.

అపోహ: పిల్లలు పుట్టాక ఎలాగూ మానేస్తారు, నేర్పడం దండగ.

వాస్తవం: అబ్బాయిలు ఏడాదికో కంపెనీ మారితే ఎవరూ దండగ అనరు. ప్రసూతి సెలవుల చట్టాన్ని 2017లో సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా ఉండాలి. అసలు చిక్కు తిరిగొచ్చాక మొదలవుతుంది. "కాస్త సెటిల్ అవనీ" అంటూ నెలల తరబడి రిపోర్టులు చేయిస్తారు, విసుగెత్తి ఆమె మానేస్తే "చెప్పాం కదా" అంటారు. వచ్చిన మొదటి వారంలోనే పాత యాక్సెస్‌లు తిరిగివ్వండి, రోస్టర్‌లో ఎప్పటినుంచి వేయాలో ఆమెనే అడగండి.