"అన్నా, నాలుగు ఇంచులు లేపు!": ఆఫ్‌రోడ్ బండ్ల మార్పులపై అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం పొద్దున షెడ్డు షట్టర్ ఎత్తేసరికి బయట నల్ల మహీంద్రా థార్ ఒకటి నిలబడి ఉంది. సీట్ల మీద షోరూమ్ ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు. పాతికేళ్ల కుర్రాడు దిగి ఫోన్లో జాబితా చూపించాడు. 4 ఇంచుల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం), 33 ఇంచుల టైర్లు, స్నోర్కెల్, వించి (దిగబడిన బండిని తాడుతో గుంజే మోటారు), ఇనప బంపర్, పైన లైట్ బార్.

"మొత్తం ఎంతైతదన్నా?"

"బండేసుకొని ఎక్కడికి పోదామనుకుంటున్నవ్ తమ్మీ?"

"అదింకా అనుకోలేదన్నా."

పదిహేడేళ్లుగా హైదరాబాద్‌లో ఫోర్ బై ఫోర్ బండ్ల పని చేస్తున్నాను. ఈ సంభాషణ నెలకు నాలుగుసార్లయినా జరుగుతుంది. కుర్రాళ్లను తిట్టి లాభం లేదు. రీల్స్‌లో కనిపించేది బండి ఎత్తే గానీ, ఆ బండి కింద ఎన్ని క్రాస్‌లు మారాయో, ఎన్ని బుష్‌లు అరిగాయో ఎవరూ చూపించరు కదా.

అపోహ: ఎత్తు పెంచితే బండి ఎక్కడికైనా పోతుంది

జనం జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

ఒకసారి థార్ కింద పడుకుని చూడండి. వెనక చక్రాల మధ్యలో నేలకు దగ్గరగా వేలాడుతూ కనిపించేది డిఫరెన్షియల్ గుండు, చక్రాలకు శక్తి పంచే గేర్లు అందులోనే ఉంటాయి. అది ఉన్న యాక్సిల్ చక్రాలను పట్టుకుని ఉంటుంది, బాడీని కాదు. పొడుగు స్ప్రింగులు వేస్తే బాడీ లేస్తుంది, ఛాసీ లేస్తుంది, లోపల కూర్చున్న మీరూ లేస్తారు. గుండు మాత్రం నిన్న ఎంత ఎత్తులో ఉందో ఈరోజూ అంతే ఎత్తులో ఉంటుంది. దారిలో రాయి తగిలేది దానికే.

ఆ గుండును పైకి లేపగలిగేది టైరు ఒక్కటే. సరే, ఆ లెక్కా చూద్దాం. థార్‌కు వచ్చే 255/65 ఆర్18 టైరు వ్యాసం దాదాపు 789 మి.మీ. 33 ఇంచుల టైరుది 838. తేడా 49. అందులో సగమే యాక్సిల్ కింద కలుస్తుంది. అంటే మీరు అంత డబ్బు పోసి కొనుక్కునేది నిండా ఒక ఇంచు కూడా కాదు.

ఆ ఇంచు కోసం ఏమేం వదులుకుంటున్నారో చూడండి. టైరు పెద్దదైన కొద్దీ ప్రతి గేరులోనూ లాగే శక్తి 6 శాతం దాకా పడిపోతుంది. 4ఎల్‌లో (నాలుగు చక్రాలకూ బలం అందే నెమ్మది గేరు) రాళ్ల మీద మెల్లగా పాకాల్సిన బండి కొంచెం తొందరపడుతుంది. మీటరు 100 చూపిస్తుంటే మీరు నిజానికి 106లో పోతుంటారు. బరువైన చక్రాన్ని ఆపాల్సింది ఆ పాత బ్రేకులే కాబట్టి బండి ఆగే దూరం పెరుగుతుంది. స్టెప్నీ వేలాడేది వెనక తలుపుకు, ఆ బరువంతా కీళ్ల మీద పడి కొన్నాళ్లకు తలుపు సరిగ్గా పడదు. ముందు భాగమేమో ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రం విడిగా కదులుతుంది. దాన్ని 4 ఇంచులు లేపితే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ కోణం పెరిగి దాని కీళ్లను కప్పే రబ్బరు బూట్లు చిరుగుతాయి, మట్టి లోపలికి పోతుంది, ఆ కీలు (సీవీ జాయింట్) కటకట మొదలవుతుంది. అన్నిటికీ మించి, బరువు పైకి పోయిన బండి ఏటవాలు గట్టు మీద తొందరగా పక్కకు ఒరుగుతుంది.

నేనేమీ పుస్తకం చదివి చెప్పడం లేదు. నా మొదటి జిప్సీకి పొడుగు షాకిల్స్ (స్ప్రింగును ఛాసీకి కలిపే పట్టీలు) వేసి లేపింది నేనే, నా చేతులతోనే. చూడ్డానికి సింహంలా ఉండేది. అలా లేపితే క్యాస్టర్ కోణం, అంటే స్టీరింగ్‌ను నిటారుగా నిలిపే ముందు చక్రాల వాలు, తగ్గుతుందని అప్పట్లో నాకు తెలియదు. అనంతగిరి ఘాట్ దిగుతుంటే 60 దాటగానే స్టీరింగ్ చేతిలో నిలవలేదు, ముందు చక్రాలు గజగజ వణికాయి. పక్క సీట్లో మా ఆవిడ. వికారాబాద్ దాకా 20లో తెచ్చాను. ఆవిడ ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ భయం వేసింది. మర్నాడే షాకిల్స్ తీసేశాను.

లిఫ్ట్ పనికిరాదని నేనెప్పుడూ అనను. ముందు కోణం (బంపర్ తగలకుండా ఎంత నిటారు గట్టు ఎక్కగలదో అది), పొట్ట కింద కోణం పెరుగుతాయి, పెద్ద టైరు తిరగడానికి చోటు దొరుకుతుంది. కానీ కంపెనీ థార్‌కే 226 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్, ముందు కోణం 41 డిగ్రీల పైమాటే. ముందు దాన్ని పూర్తిగా వాడండి. ఏడాది తిరిగాక "ఫలానా చోట మూడుసార్లు పొట్ట తగిలిందన్నా" అని వస్తే, 2 ఇంచుల గురించి కూర్చుని మాట్లాడుకుందాం.

మరి డబ్బు ముందు దేని మీద పెట్టాలి? గాలి మీద. నవ్వకండి. రోడ్డు మీద 32 పీఎస్ఐ ఉన్న టైరును ఇసుకలోనో బురదలోనో 18కి దింపితే అది నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, రాయి వస్తే దాని ఆకారానికి ఒదుగుతుంది. లిఫ్ట్ లక్షతో చేయలేని పని ఇది పైసా లేకుండా చేస్తుంది. 15 కిందికి మాత్రం పోకండి. అంత తక్కువ గాలితో స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్మును వదిలేస్తుంది. గాలి తగ్గించిన బండిని వేగంగా నడపొద్దు, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. అందుకే గాలి కొలిచే ఒక మంచి గేజీ, బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ కొనుక్కోండి. ఇవి రెండూ లేని 33 టైర్ల బండ్లను వారం వారం చూస్తూనే ఉన్నాను.

ఆ మధ్య నారాయణఖేడ్ వైపు నుంచి ఒకామె మారుతి జిమ్నీ తెచ్చారు. పొలం దాకా నల్లరేగడి దారి. వానాకాలంలో రెండుసార్లు దిగబడితే ట్రాక్టర్‌తో గుంజాల్సి వచ్చిందట. ఎవరో లిఫ్ట్, పెద్ద టైర్లు, లాకర్ (రెండు చక్రాలనూ కలిపి తిప్పేది) అన్నీ కావాలని లక్షల అంచనా వేసిచ్చారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని, "తప్పు బండి కొన్నానా అన్నా?" అన్నారు. మొహంలో టెన్షన్ చూస్తే జాలేసింది.

తప్పు బండి కాదమ్మా, తప్పు టైరు అని చెప్పాను. తడి రేగడి సంగతి ఆ నేలలో నడిచినవాళ్లకు తెలుసు, చెప్పు కింద చెప్పు పెరుగుతుంది. రోడ్డు టైరు గాడుల్లో ఆ మట్టి నిండిపోతే చక్రం నున్నటి లడ్డూ అయిపోతుంది. ఆవిడ బండికి 195/80 ఆర్15 తీసేసి 215/75 ఆర్15 ఆల్ టెరైన్ (రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే టైరు) వేశాం. వ్యాసంలో తేడా ఒక సెంటీమీటరే, స్ప్రింగు ముట్టుకునే పనే లేదు. తర్వాత గాలి దింపడం, 4ఎల్‌లో రెండో గేరులో ఆక్సిలరేటర్ తొక్కకుండా నిదానంగా పోనివ్వడం నేర్పాను. ఆగస్టులో ఫోన్ చేశారు, ఈసారి ట్రాక్టర్‌ను తన జిమ్నీయే గుంజిందని. (ఖాళీ ట్రాక్టరేలెండి. అయినా ఆవిడ గొంతులో ఆ సంబరం వినాలి.) నిజంగా మోకాలు లోతు రేగడే రోజూ తప్పదంటే బురద కోసమే చేసే మడ్ టెరైన్ టైర్లు వేసుకోండి. రోడ్డు మీద దాని మోత మాత్రం భరించాలి.

అపోహ: స్నోర్కెల్ ఉంటే వాగు దాటొచ్చు

స్నోర్కెల్ ఇంజిన్‌కు పైనుంచి గాలి అందిస్తుంది, అంతే. బండిని నేలకు అదిమి పట్టదు. పారే నీళ్లు రెండడుగులుంటే చాలు, చాలా ఎస్‌యూవీలు తేలి కొట్టుకుపోతాయి. థార్‌కు కంపెనీ చెప్పే 650 మి.మీ. లోతు కూడా వాగు ఉధృతికి వర్తించదు. ప్రతి వానాకాలం వార్తల్లో చూస్తూ కూడా "మనది ఫోర్ బై ఫోర్ కదా" అని దించేవాళ్లకు చేతులెత్తి దండం పెట్టడం తప్ప ఏం చేయగలం.

ఇంకోటి, వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల గుండా నీళ్లు పీలుస్తుంది. ఆయిల్ పాలు ఎక్కువైన టీలా తయారవుతుంది. యాక్సిల్ గాలి పీల్చుకునే బ్రీదర్ పైపును పైకి పొడిగించడానికి అయ్యేది వందల్లో ఖర్చు, దాన్ని అడిగేవాళ్లు వందలో ఒకరు.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే భయపడకండి, మళ్లీ స్టార్ట్ మాత్రం చేయకండి. 2020 అక్టోబర్ వరదలప్పుడు మా షెడ్డుకు వచ్చినవాటిలో తాళం తిప్పకుండా గుంజి తెచ్చిన బండ్లు ఫిల్టర్లు, ఆయిళ్లతో బయటపడ్డాయి. "ఒక్కసారి చూద్దామని" సెల్ఫ్ కొట్టినవాటికి కనెక్టింగ్ రాడ్లు వంగాయి. సిలిండర్లో చేరిన నీళ్లు పిస్టన్ ఎంత నొక్కినా కుదించుకోవు, అప్పుడు వంగేది రాడ్డే.

మిగతావి త్వరగా.

4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం అందే మామూలు వేగం గేరు) వేస్తే తారు రోడ్డు మీద పట్టు పెరుగుతుందా? ఎండిన రోడ్డు మీద వద్దు. థార్, జిమ్నీల్లో మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరగాలి, తిరగలేక గేర్లు బిగుసుకుంటాయి. యూటర్న్‌లో బండి కుదుపుతుంటే అదే సంకేతం. బ్రేకు వేసినప్పుడు ఫోర్ బై ఫోర్ ఏ సాయమూ చేయదు.

వించి ఉంటే చాలా? కట్టడానికి చెట్టో ఇంకో బండో ఉండాలి. పైగా డబ్బా మీద రాసిన శక్తి డ్రమ్ము మీద తాడు మొదటి చుట్టులో ఉన్నప్పటి లెక్క.

గుంజే తాడును ట్రైలర్ బంతికి తగిలించొచ్చా? ఎప్పటికీ వద్దు. బంతి తెగితే తుపాకీ గుండులా అద్దం పగలగొట్టుకుని వస్తుంది, మనుషులు పోయారు. ఛాసీకి బిగించిన సరైన హుక్కులు, సాగే తాడు, దాన్ని హుక్కుకు తగిలించే డి ఆకారపు కొక్కేలు కొనండి. గుంజేటప్పుడు చుట్టూ నిలబడి వీడియోలు తీసేవాళ్లను దూరం పంపండి.

ఇక కాగితాల సంగతి. "అందరూ వేయించుకుంటున్నారు, ఏమవదు" అనే మాట నమ్మకండి. ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు చట్టంలో ఉన్నాయి. ఇనప బుల్‌బార్‌ను 2017 డిసెంబర్ నుంచే కేంద్రం వద్దంటోంది, పైగా అది ఎదుటివాడి ప్రాణానికి ముప్పు. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడుతుంది. లిఫ్ట్ వేశాక సీవీ జాయింట్ పోతే వారంటీ అడిగి లాభం ఉండదు.

ఆ థార్ కుర్రాడు గేజీ, కంప్రెసర్, తాడు కొనుక్కుని వెళ్లాడు. సాయంత్రం మళ్లీ మెసేజ్ పెట్టాడు, "అన్నా, పోనీ రెండు ఇంచులు?" అని.

ఎలాగూ వేయించుకునేవాళ్లకు ఒక్క మాట. విప్పిన కంపెనీ స్ప్రింగులు, టైర్లు ఇంటికి తీసుకెళ్లి అటక మీద పెట్టుకోండి. ఆర్టీవో ఆఫీసుకు వెళ్లేటప్పుడు, అమ్మేటప్పుడు అవే కావాలి. మా షెడ్డు వెనక పదకొండు సెట్లు పేర్లు రాసి పడి ఉన్నాయి, మీవి ఉంటే వచ్చి పట్టుకుపోండి.