పాస్‌వర్డ్‌ల భోషాణం

చి. సహస్రకి, చి. నానికి,

తాతయ్య ఆశీస్సులు.

పండక్కి వచ్చినప్పుడు వాకిట్లో గొబ్బెమ్మలని నా ఫోన్‌తో ఫొటో తీశాం. లోపలికొచ్చి చూస్తే ఆ ఫొటో నా కంప్యూటర్‌లో ఉంది. "వైరు పెట్టలేదు, పొద్దుట్నుంచి నెట్ కూడా లేదు. ఫొటో ఎలా వచ్చింది తాతయ్యా?" అని సహస్ర అడిగింది. అంతలో నాని, "ఇన్నింటికి పాస్‌వర్డ్‌లు నీకెలా గుర్తుంటాయి?" అన్నాడు. ఇంటినిండా చుట్టాలు, ఒకపక్క అరిసెల పని. అప్పుడు సరిగ్గా చెప్పలేదు కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నాని ప్రశ్న. ఫోన్ లాకు, యూపీఐ పిన్ లాంటివి పక్కన పెడితే నాకు గుర్తుండేది ఒక్కటే పాస్‌వర్డ్. మిగతావి నాకు తెలియవు. కరెంటు బిల్లు కట్టే సైటుకి నా పాస్‌వర్డ్ ఏమిటని ఇప్పటికిప్పుడు అడిగితే చెప్పలేను. తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు.

మా అమ్మమ్మ పడకగదిలో ఒక భోషాణం ఉండేది. టేకు చెక్కది, నల్లబడిపోయి నున్నగా ఉండేది. మూత ఎత్తితే కర్పూరం, పాత పట్టుచీరలు కలిసిన వాసన గదంతా వచ్చేది. మూత లోపలివైపు వరసగా మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో తాళంచెవి. ధాన్యం కొట్టుది, దొడ్డి తలుపుది, దేవుడి గదిది, ఊళ్లోనే ఉన్న చిన్న ఇంటిది. ఏ తాళంచెవి దేనిదో తెలియడానికి ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టి ఉండేది. ఇన్ని తాళంచెవులున్నా అమ్మమ్మ బొడ్డులో దోపుకుని తిరిగేది మాత్రం భోషాణానిది ఒక్కటే. రాత్రిపూట ఆ భోషాణం మీదే పక్క వేసుకుని పడుకునేది.

ఎండాకాలం సెలవుల్లో మేము అక్కడికి వెళ్తే మా ధ్యాసంతా దాని మీదే. ఎందుకంటే జీళ్ల డబ్బా కూడా అందులోనే ఉండేది. మధ్యాహ్నం పెద్దవాళ్లు నిద్రపోయాక మా పెద్ద బావ ఇనపచువ్వ తెచ్చి తాళంలో తిప్పుతుంటే, నేను గుమ్మం దగ్గర కాపలా. ఆ తాళం మహా బిగువు. అసలు తాళంచెవితో తిప్పినా నిదానంగా మూడు చుట్లు తిరగాలి. మా బావ చెమటలు కక్కేవాడు కానీ తాళం వచ్చేది కాదు. సాయంత్రం అమ్మమ్మే తీసి తలా రెండు జీళ్లు పెట్టేది.

నా కంప్యూటర్‌లో ఉన్నది అలాంటి భోషాణమే. పేరు కీపాస్. డొమినిక్ రైఖెల్ అనే జర్మనీ ఆయన 2003లో దాన్ని మొదటిసారి విడుదల చేశాడు. ఎలా చేశాడో ఎవరైనా చదువుకునేలా ప్రోగ్రామంతా బయటపెట్టాడు. అందువల్ల తర్వాత వేరేవాళ్లు అదే భోషాణాన్ని తెరిచే ప్రోగ్రాములు రాశారు. నా కంప్యూటర్‌లో కీపాస్ఎక్స్‌సీ, ఫోన్‌లో కీపాస్‌డీఎక్స్ ఉన్నాయి. పైసా ఇవ్వక్కర్లేదు. నా పాస్‌వర్డ్‌లన్నీ కలిపి ఒకే ఒక్క ఫైలు. ఎవరైనా ఆ ఫైలు ఎత్తుకుపోయారనుకోండి, మూసి ఉన్న భోషాణం ఎత్తుకుపోయినట్టే.

దీని తాళం కూడా కావాలనే బిగువుగా చేశారు. అందులో ఆర్గాన్2 అనే పద్ధతి ఉంది. 2015లో ఇలాంటి పద్ధతులకి పెట్టిన అంతర్జాతీయ పోటీలో నెగ్గింది. లక్సెంబర్గ్ విశ్వవిద్యాలయంలో తయారైంది. నేను పాస్‌వర్డ్ కొట్టగానే అది బోలెడంత మెమరీ వాడుకుని, లెక్కల మీద లెక్కలు చేసి, ఒక సెకను తర్వాత గానీ తెరవదు. నాకు సెకను పెద్ద లెక్క కాదు. కానీ దొంగ వేసి చూసే ప్రతి పాస్‌వర్డ్‌కీ అంత లెక్కా మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే.

రంగు గుడ్డపీలికలు కూడా ఇందులో ఉన్నాయి. ప్రతి పాస్‌వర్డ్ పక్కనా అది ఏ సైటుదో రాసి ఉంటుంది. బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి దొంగ సైటు పెడితే మన కంటికి అంతా బ్యాంకులాగే ఉంటుంది, అదే రంగు, అదే బొమ్మ. బ్రౌజర్‌కి కలిపిన కీపాస్ఎక్స్‌సీ మాత్రం అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. తేడా ఉంటే పాస్‌వర్డ్ అందించదు. అది అందించలేదంటే మీరు కూడా చేత్తో కొట్టకండి. ఆగి, పైన అడ్రసు చదవండి. మీ నాన్నకి ఈ సంగతి మీరే చెప్పాలి.

ఇక సహస్ర అడిగింది. భోషాణం నా కంప్యూటర్‌లో ఉంది, సరే. బజార్లో నిలబడి ఫోన్‌లో పాస్‌వర్డ్ కావాలంటే? మా అమ్మమ్మకి ముగ్గురు కొడుకులు. ముగ్గురిళ్లలోనూ అచ్చం అలాంటి భోషాణమే ఉందనుకోండి. పెద్దమామయ్య ఇంట్లో కొత్త తాళంచెవి ఒకటి మేకుకి తగిలిస్తే, మిగతా రెండిళ్లలోనూ అదే మేకుకి అదే తాళంచెవి దానంతటదే వచ్చి వేలాడాలి. ఈ పని చేసేది సింక్‌థింగ్. స్వీడన్‌కి చెందిన యాకోబ్ బోర్గ్ 2013లో మొదలుపెట్టాడు. ఇదీ ఉచితమే. నా ఫోన్‌లో ఉన్నది దాన్నుంచే పుట్టిన సింక్‌థింగ్-ఫోర్క్.

చాలా ప్రోగ్రాములు మన ఫైలుని ముందు ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్‌కి పంపి, అక్కడినుంచి మళ్లీ మన ఇంటికే తెస్తాయి. సింక్‌థింగ్ మన ఫైళ్లని ఎవరి దగ్గరా దాచదు. ఒకే వైఫైలో ఉన్న ఫోనూ కంప్యూటరూ ఒకదాన్నొకటి పిలుచుకుని, నేరుగా ఇచ్చిపుచ్చుకుంటాయి. బయటి నెట్ పోయినా ఇంట్లో రూటర్ వెలుగుతుంటే చాలు. గొబ్బెమ్మల ఫొటో వచ్చింది ఆ దారినే.

ఎవరు పడితే వాళ్లు పిలిస్తే ఇవ్వదు. ప్రతి పరికరానికీ ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపి 56 ఉండే గుర్తింపు ఉంటుంది, ఏడేసి చొప్పున ఎనిమిది గుంపులు. ఫోన్‌ని కంప్యూటర్ ఒప్పుకోవాలి, కంప్యూటర్‌ని ఫోన్ ఒప్పుకోవాలి. అప్పుడే మాట కలుస్తుంది. ఈసారి వచ్చినప్పుడు ఆ గుర్తింపు చూపిస్తాను. అందులో 0, 1, 8 అంకెలు ఎక్కడా కనబడవు. ఎందుకో ఇంగ్లీషు అక్షరాలు పక్కన రాసుకుని మీరే ఆలోచించండి.

ఇంకోటి. బీరువాలో ఒక్క చీర మారితే మొత్తం బీరువాని మోసుకెళ్లరు కదా. సింక్‌థింగ్ ఫైలుని ముక్కలుగా చేసి ప్రతి ముక్కకీ ఒక వేలిముద్ర లాంటి సంఖ్య కడుతుంది. అవతలివాళ్ల సంఖ్యలతో పోల్చి, తేడా వచ్చిన ముక్కలే పంపుతుంది. ముక్కలో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. అలా ఎలా మారుతుందో ఈ ఉత్తరంలో రాయను. ఎన్నిసార్లు చూసినా నాకు అది అబ్బురంగానే ఉంటుంది.

ఇద్దరు మామయ్యలు ఒకేసారి రెండిళ్లలో సర్దితే? సింక్‌థింగ్ ఏదీ పారేయదు. పాతదాన్ని వేరే పేరుతో పక్కన ఉంచుతుంది. రెండింటినీ కలిపేసే పని కీపాస్ఎక్స్‌సీ చేస్తుంది. కానీ ఒక ఇంట్లో తీసి పారేస్తే మూడిళ్లలోనూ పోతుంది. అన్ని చోట్లా ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. అందుకే చెరిపేసినవాటిని కొన్నాళ్లు దాచే సెట్టింగు పెట్టాను. అదికాక నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెడతాను. భోషాణం పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, బ్యాంకు లాకరులో ఉంచాను. మీ నానమ్మకి ఆ సంగతి తెలుసు. నాకేమైనా అయితే ఇంట్లోవాళ్లు తాళం పగలగొట్టేవాళ్ల కోసం తిరగకూడదు.

ఆ ఒక్క పాస్‌వర్డ్ మాత్రం గట్టిదై ఉండాలి. మీ పేరు, పుట్టినరోజు, నాన్న ఫోన్ నంబరు పనికిరావు. మనిషి తలలోంచి వచ్చింది ఇంకో మనిషి తలకి తడుతుంది. అందుకని పాచికతో చేయాలి.

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఆరు పేజీలు, పేజీకి ఆరు వరసలు, వరసకి ఆరు మాటలు. మొత్తం 216. గుమ్మడి, తంగేడు, రోకలి, పిచుక, ఇలా మీకు నచ్చినవి, ఏవీ రెండోసారి రాకుండా రాయండి. పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాయాలి, ఎందుకంటే తంగేడుని నాని ఒకలా, సహస్ర ఒకలా రాస్తారు. ఏదో ఒకటే ఖాయం చేసుకోండి. తర్వాత పాచిక మూడుసార్లు వేయండి. మొదటిది పేజీ, రెండోది వరస, మూడోది మాట. ఇలా ఎనిమిది మాటలు తీయండి. బాగాలేదని ఏ మాటా మార్చకండి. పిచుక, రోకలి, గుమ్మడి అని వస్తే రోకలి ఎక్కిన పిచుకని ఊహించుకుంటే ఇట్టే గుర్తుంటుంది.

మీ నోటుబుక్కు దొంగ చేతిలో పెట్టినా భయం లేదు. మీకు ఏ మాటలు పడ్డాయో పాచికకి, మీకు తప్ప తెలియదు. సెకనుకి లక్ష చొప్పున వేసి చూసినా అన్నీ చూడ్డానికి దాదాపు 15 లక్షల ఏళ్లు పడుతుంది. నమ్మకపోతే సహస్ర 6ని 24 సార్లు గుణించి చూడొచ్చు, క్యాలిక్యులేటర్ వద్దు, కాగితం మీదే. 216 మాటలూ పూర్తయ్యాక ఆదివారం నాకు ఫోన్ చేయండి. మొదటి పేజీ చదివి వినిపిద్దురు గాని.

మీ తాతయ్య