కొండ ఎత్తు కండబలాన్ని చూడదు: ఉత్తరాది యాత్రపై అపోహలు - వాస్తవాలు

వీపున సంచి వేసుకొని హిమాచల్, లద్దాఖ్ బయలుదేరే హన్మకొండ, కాజీపేట యువకులు సలహా కోసం మా దగ్గరికి వస్తుంటారు. "మేం రోజూ పరుగెత్తేవాళ్లం సార్, ఎత్తు మమ్మల్నేం చేస్తుంది?" అనే మాట ప్రతి బృందంలోనూ వినిపిస్తుంది. ప్రాణాల మీదికి తెచ్చే అపోహ ఇదే.

సముద్రమట్టానికి వరంగల్ ఎత్తు సుమారు 300 మీటర్లే. లేహ్ సుమారు 3,500 మీటర్లు. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే, కానీ పీడనం తగ్గడం వల్ల ఒక్కో శ్వాసకు అందేది ఇక్కడి దానిలో దాదాపు మూడింట రెండు వంతులే. ఆ లోటుకు శరీరం అలవాటు పడటానికి రోజులు పడుతుంది, వ్యాయామం ఆ గడువును తగ్గించదు. ఈలోగా వచ్చేదే ఎత్తు జబ్బు, తలనొప్పి దాని గుర్తు. పైగా దేహదారుఢ్యం ఉన్నవారే తలనొప్పిని దాచిపెట్టి ముందుకు సాగుతారు.

భద్రకాళి చెరువు కట్టపై రోజూ పరుగెత్తే ఒక యువకుడు విమానంలో లేహ్ చేరి, రాత్రంతా తలనొప్పితో గడిపినా, మర్నాడే మిత్రులతో బైకుపై 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా (లా అంటే కనుమ) ఎక్కాడు. సాయంత్రం లేహ్ తిరిగొచ్చాక అతన్ని వసారాలోని గచ్చు గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నడవమన్నాను. మూడో అడుగుకే పక్కకు ఒరిగాడు. తాగినవాడిలా తూలడం మెదడు వాపుకు గుర్తు కావచ్చు. కూర్చున్నా ఆయాసపడటం, తడి దగ్గు రావడం ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనడానికి సూచనలు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం, ఆక్సిజన్ పెట్టారు, బతికి బయటపడ్డాడు. అలాంటప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దించాలి.

అందుకే లేహ్‌లో దిగిన మొదటి రెండు రోజులు విశ్రాంతిగా గడపాలి. రోడ్డున వెళ్లేవారికి శ్రీనగర్, కార్గిల్ దారి మేలు, ఎత్తు మెల్లగా పెరుగుతుంది. మనాలి నుంచి ఒక్క రోజులో దాదాపు 4,300 మీటర్ల సర్చు చేరి గుడారంలో పడుకోవడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. అక్కడ జబ్బు చేస్తే వెనక్కి దిగడానికి కూడా ముందు ఇంకా ఎత్తైన బారాలాచా లా కనుమ ఎక్కాల్సిందే. మొదటి రాత్రి దారిలో తక్కువ ఎత్తున ఉన్న కీలాంగ్‌లోనో జిస్పాలోనో ఆగాలి. 3,000 మీటర్లు దాటాక, నిద్రించే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు.

కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్నది వట్టి పుకారు. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర పనిచేసే మందే, కానీ వైద్యుణ్ని అడగకుండా మింగకూడదు. సిమ్లా, మనాలి పేర్లు విని బెంగపడే తల్లిదండ్రులకు ఒక మాట: ఆ ఊళ్లు రెండు వేల మీటర్ల పైచిలుకే, అక్కడ ఎత్తు జబ్బు అరుదు. లద్దాఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకోవాలి. అదీ దారి పొడవునా అందదు గనుక, ఏయే రోజులు ఫోన్ కలవదో ఇంట్లో ముందే చెప్పి బయలుదేరండి.