సౌర ఫలకం వెనుక ఉన్న బొగ్గు లెక్క

సౌర ఫలకాన్ని తయారు చేయడానికి పట్టే కరెంటును అది తన జీవితకాలంలో తిరిగి ఇవ్వలేదన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల ప్రదర్శించిన సిలికాన్ ఘటం (సోలార్ సెల్; ఇలాంటివి కలిపితేనే ఫలకం) తనపై పడిన ఎండలో దాదాపు 6 శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగేది. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహంతో అంతరిక్షానికి చేరిన ఈ ఘటాలు అక్కడ పనిచేస్తే చాలు, ఖర్చుకూ తయారీ శక్తికీ లెక్క అడిగేవారు లేరు. 1973 చమురు సంక్షోభం తర్వాత వాటిని నేల మీద వాడాలన్న ఆలోచన బలపడినప్పుడు ఆ లెక్క మొదలైంది. తయారీకి పట్టిన శక్తిని తిరిగి రాబట్టడానికి పదేళ్లకు పైగా పడుతుందన్న అంచనాలు ఆ రోజుల్లోనే వచ్చాయి.

ఆ తయారీ శక్తిలో అధిక భాగం సిలికాన్ శుద్ధికే పడుతుంది. స్ఫటిక శిలను బొగ్గు, కోక్‌లతో కలిపి విద్యుత్ కొలిమిలో 1,900 డిగ్రీల దాకా కాచి సిలికాన్‌ను వేరుచేస్తారు. దాన్ని వాయురూపంలోకి మార్చి శుద్ధి చేసి, మళ్లీ 1,400 డిగ్రీలకు పైన కరిగించి కడ్డీలుగా తీసి, పలుచటి రేకులుగా కోస్తారు. ఒక వాట్ సామర్థ్యానికి 2004 ప్రాంతంలో సుమారు 16 గ్రాముల సిలికాన్ పట్టేది. కోత రంపాలు సన్నబడి, రేకులు పలుచనై, ఘటాలు ఎండను విద్యుత్తుగా మార్చే శాతం పెరగడంతో ఇప్పుడు 2, 3 గ్రాములతో సరిపోతోంది. పాత అంచనాలు నేటి ఫలకాలకు వర్తించకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని శాస్త్రవేత్తల సంఘం 2014 నివేదికలో, గని తవ్వకం నుంచి ప్లాంటు తొలగింపు దాకా కలిపి, బొగ్గు విద్యుత్తుకు యూనిట్‌కు 820 గ్రాములు, పెద్ద సౌర కేంద్రాలకు 48 గ్రాముల కర్బన ఉద్గారాలను మధ్యస్థ విలువలుగా ఇచ్చింది. సౌర విద్యుత్తుకు ఆనాటి అధ్యయనాలు ఇచ్చిన విలువలు 18 నుంచి 180 గ్రాముల దాకా ఉన్నాయి. బొగ్గు కేంద్రం తన భారాన్ని ప్రతి గంటా మోస్తుంది, సౌర ఫలకం మాత్రం దాదాపు మొత్తాన్నీ ఫ్యాక్టరీలోనే మోసేస్తుంది. కాబట్టి ఫలకం కర్బన లెక్కను ప్రధానంగా నిర్ణయించేవి రెండు: అది పనిచేసే చోట కాసే ఎండ, అది తయారైన చోటి కరెంటు.

ఈ రెండో అంశమే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022 నివేదిక ప్రకారం, ప్రపంచంలో సౌర ఫలకాల తయారీకి వాడే కరెంటులో 60 శాతానికి పైగా బొగ్గు నుంచే వస్తోంది, తయారీలో అధిక భాగం బొగ్గు మీద ఆధారపడ్డ చైనాలోని షింజియాంగ్, జియాంగ్సు రాష్ట్రాల్లో ఉంది. ఫలకం మీద వేస్తున్న కర్బన భారంలో గణనీయమైన భాగం, అంటే, బొగ్గు కరెంటుదే. అయినా, తయారీ ఉద్గారాలకు సరిపడా ఆదా జరగడానికి ఫలకం 4 నుంచి 8 నెలలు పనిచేస్తే చాలని అదే నివేదిక చెబుతోంది. మామూలుగా ఫలకం పాతికేళ్లకు పైగా పనిచేస్తుంది.

రామగుండంలో ఈ రెండు రకాల విద్యుత్తూ ఒకే చోట కనిపిస్తాయి. ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్నచోటే, జలాశయంపై 500 ఎకరాల్లో తేలే ఫలకాలతో 100 మెగావాట్ల సౌర కేంద్రం 2022 జూలై నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది. దీనివల్ల ఏటా 1,65,000 టన్నుల బొగ్గు, 2,10,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఆదా అవుతాయని ప్రభుత్వం ప్రకటించింది. రాత్రి సరఫరా కోసం బ్యాటరీలు పెడితే వాటి తయారీ భారాన్ని వేరుగా కలపాలి. అది కలిపినా బొగ్గు దరిదాపులకు రాదు.

మన దేశంలోనూ ఘటాలు, ఫలకాల ఫ్యాక్టరీలు పెరుగుతున్నాయి. మన గ్రిడ్‌లో సగటున ఒక యూనిట్‌కు 700 గ్రాములకు పైగా ఉద్గారాలున్నందున, సిలికాన్ శుద్ధి, కడ్డీల తయారీ వంటి కరెంటును ఎక్కువగా మింగే దశలు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ ఫ్యాక్టరీలు ఏ కరెంటుతో నడుస్తాయన్నదాన్ని బట్టే దేశీయ ఫలకం కర్బన లెక్క తేలుతుంది.