యెన్నర్ అక్షరదోషం కాదు: ఆస్ట్రియా జనవరిపై అపోహలు – వాస్తవాలు

అపోహ: ‘యెన్నర్’ అంటే జర్మనీలో జనవరికి వాడే ‘యానువార్’ను తప్పుగా రాయడం, లేదా పల్లె యాస.

ఆస్ట్రియాలో జనవరికి ప్రామాణిక జర్మన్ పేరే యెన్నర్. చట్టాల్లో, కోర్టు తీర్పుల్లో, వార్తాపత్రికల్లో అదే కనిపిస్తుంది. ఇటలీలోని దక్షిణ టిరోల్‌లో జర్మన్ మాట్లాడేవారూ అదే వాడతారు. జర్మనీ రూపమొక్కటే సరైనదన్నట్టు పాఠాలు చెబితే, వియన్నా నుంచి వచ్చిన ప్రవేశపత్రంలో తేదీ చూసి విద్యార్థులు కంగారు పడుతున్నారు. జర్మన్ నేర్పే తోటివారికి నా విన్నపం: ఆ మాటను ఎర్ర సిరాతో కొట్టేయకండి.

అపోహ: లాటిన్ ప్రభావానికి ముందునుంచీ ఉన్న అచ్చ జర్మన్ పేరు.

ఇది నేను ఎక్కువగా వినే మాట, నిజం కాదు. రెండు రూపాలకూ మూలం లాటిన్ ‘యానువారియుస్’. రెండు ముఖాల రోమన్ దేవుడు యానుస్ పేరిట ఏర్పడిన నెల అది. జనం మాట్లాడే లాటిన్‌లో ఆ పేరు ‘యెనువారియుస్’గా మారింది. ఇటాలియన్ ‘జెన్నాయో’, స్పానిష్ ‘ఎనేరో’, మన యెన్నర్ ముగ్గురూ దాని సంతానమే. ‘యానువార్’ తరువాతి కాలంలో పండితుల లాటిన్‌ను అనుసరించి స్థిరపడిన రూపం. అచ్చ జర్మన్ పేరు కావాలంటే షార్లమేన్ చక్రవర్తి పెట్టిన నెలల పేర్లు చూడాలి. ఆయన జీవితచరిత్ర రాసిన ఐన్‌హార్డ్ జనవరికి ‘వింటార్‌మానోత్’, అంటే చలికాలపు నెల, అని నమోదు చేశాడు. చివరికి జనం నోట నిలిచింది లాటిన్ పేరే.

అపోహ: ఐరోపా సమాఖ్య గుర్తించిన ఆస్ట్రియా పదాల జాబితాలో లేదు కాబట్టి చెల్లదు.

1995లో ఆస్ట్రియా సమాఖ్యలో చేరినప్పుడు ఒప్పందంలో చేర్చిన 23 పదాలూ తిండికి సంబంధించినవే. నెలల పేర్లకు అందులో చోటెందుకు?

అపోహ: జనవరి 6న ఆస్ట్రియాలో తలుపులపై సుద్దతో రాసే సి, ఎం, బి అక్షరాలు ముగ్గురు రాజుల పేర్లు మాత్రమే.

కాస్పర్, మెల్కియోర్, బల్తసార్ అని చాలామంది చదువుతారు. మన బైబిలు చదివేవారికి వీరు తూర్పుదేశపు జ్ఞానులు. చర్చి చెప్పే అర్థం మాత్రం ‘క్రీస్తు ఈ ఇంటిని దీవించుగాక’ అనే లాటిన్ వాక్యం. రాజుల వేషాల్లో పిల్లలు ఇంటింటికీ వచ్చి పాడి, విరాళాలు సేకరిస్తారు. నాకు యెన్నర్ అనగానే మనసులో మెదిలేది ఈ పండుగే. ఆ రోజు ఆస్ట్రియా అంతటా సెలవు. జర్మనీలో మూడు రాష్ట్రాల్లోనే సెలవు కాబట్టి, వియన్నాలో ఆఫీసు పని పెట్టుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఫిబ్రవరికీ ‘ఫేబర్’ అనే ఆస్ట్రియా రూపం ఉంది, అయితే ఇప్పుడు ‘ఫెబ్రువార్’ వాడకమే ఎక్కువ.