429 కోట్ల చిల్లర సంఖ్య: అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు సంఖ్యా సిద్ధాంతం బోధిస్తాను. కొత్త తరగతి మొదలైనప్పుడల్లా బోర్డు మీద 4,29,49,67,297 రాసి, ఇది ప్రధాన సంఖ్యేనా అని అడుగుతాను. జవాబులతో పాటు ఈ అపోహలూ బయటికొస్తాయి.

అపోహ: చిన్న సంఖ్యలతో భాగించబడకపోతే ప్రధాన సంఖ్యే.

వాస్తవం: చివర 7 ఉంది, 2, 5 పోయాయి. అంకెల మొత్తం 59, కనుక 3 కూడా పోయింది. 7, 11 కుదరవు. కానీ దీని వర్గమూలం దాదాపు 65,536, కనుక అంతవరకు వెతకాలి; ఆ లోపు ప్రధాన సంఖ్యలు 6,542 ఉన్నాయి. అన్నీ చూస్తే గానీ తీర్పు చెప్పలేం.

అపోహ: ఐదుసార్లు నిజమైన సూత్రం ఎప్పటికీ నిజమే.

వాస్తవం: 2, 4, 16, 256, 65,536 వరుసలో ప్రతిదీ ముందుదాని వర్గం. ఒక్కోదానికి 1 కలిపితే 3, 5, 17, 257, 65,537. అన్నీ ప్రధాన సంఖ్యలే. వరుస ఇలాగే సాగుతుందని 1640లో గణితవేత్త ఫెర్మా నమ్మారు. ఆరోది మన సంఖ్య, అంటే 2³² + 1. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 × 67,00,417గా విడగొట్టారు. ఆ ఐదు తప్ప ఈ వరుసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకనే లేదు.

అపోహ: 641 దొరకడం అదృష్టం.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. మన సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా 64 గుణిజం కంటే 1 ఎక్కువ ఉండి తీరాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదో భాగహారంతో పని పూర్తి. 1878లో గణితవేత్త లూకా ఆ 64ను 128 చేశారు; ఇక 257, 641 చూస్తే చాలు.

అసలు భాగహారమే అక్కర్లేదు. 641 = 5 × 2⁷ + 1. కాబట్టి 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం −1, దాని నాలుగో ఘాతానికి శేషం 1. అంటే 5⁴ × 2²⁸ − 1ని 641 భాగిస్తుంది. మరోవైపు 641 = 5⁴ + 2⁴. దీన్ని 2²⁸తో గుణిస్తే 5⁴ × 2²⁸ + 2³². రెండోదాని నుంచి మొదటిది తీసేయండి: మిగిలేది 2³² + 1. ఇంత పొందికైన నిరూపణ సిలబస్‌లో ఎక్కువ లేదు.

అపోహ: ప్రధాన సంఖ్య కాకపోతే విశేషం లేదు.

వాస్తవం: 3 × 5 × 17 × 257 × 65,537 చేసి చూడండి. మన సంఖ్యకు సరిగ్గా 2 తక్కువ వస్తుంది. స్కేలు, వృత్తలేఖినితో నిర్మించవచ్చని తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజుల్లో అతిపెద్దదానికి భుజాలు అన్నే. గీసి తెమ్మని ఎవరినీ అడగలేదు.

అపోహ: ప్రోగ్రామ్ రాస్తే తప్పుండదు.

వాస్తవం: ధన సంఖ్యలకే కేటాయించిన 32 బిట్లలో పట్టే గరిష్ఠ విలువ 4,29,49,67,295. అది దాటితే లెక్క మళ్లీ 0 నుంచి మొదలవుతుంది, కనుక మన సంఖ్య అక్కడ 1గా మారిపోతుంది. 1 ప్రధాన సంఖ్య కాదు కనుక ప్రోగ్రామ్ కూడా ‘కాదు’ అంటుంది. జవాబు ఒప్పే, కారణం తప్పు. మార్కులు వేయను.